ఐదు డబ్ల్యూలు, ఒక నాయనమ్మ

ఆ రోజుల్లో మనిషి కనిపెట్టినవాటిలోకెల్లా గొప్పది ఏదని నన్నెవరైనా అడిగితే, మా కాలేజీ వెబ్‌సైట్‌లో ఉండే "డ్రాప్" బటన్ అని ఠక్కున చెప్పేదాన్ని. నవ్వకండి. విజయవాడలో కిటికీలకి కూడా తాళాలు వేసే ఒక రెసిడెన్షియల్ కాలేజీలో ఇంటర్ చదివి వచ్చినదాన్ని నేను. గంట కొడితే లేవడం, గంట కొడితే చదవడం, గంట కొడితే పెరుగన్నం తినడం. ఫలానా పాఠం నాకు నచ్చలేదండీ అని ఎవరైనా అంటే, నచ్చడానికి అదేమన్నా చీరా అని అడిగేవారు. మాకు తెలిసిన చదువులు రెండే రకాలు. రక్తం చూస్తే కళ్ళు తిరిగేవాళ్ళు ఎంపీసీ, లెక్కలు చూస్తే కళ్ళు తిరిగేవాళ్ళు బైపీసీ. (నాకు రెండూ చూసినా తిరిగేవి. నాన్న ఎంపీసీలో చేర్పించారు కాబట్టి ఎంపీసీ.) అలాంటిదాన్ని, నాన్న ఉద్యోగం పుణ్యమా అని, రెండువేల ఆరులో టెక్సాస్‌లోని ఇర్వింగ్‌లో వచ్చి పడ్డాను.

ఇంటికి దగ్గర్లోని కమ్యూనిటీ కాలేజీలో నన్ను చేర్పించారు. నాన్న ప్లాన్ చాలా తేలిక. రెండేళ్ళు అక్కడ తక్కువ ఫీజుతో మొదటి కోర్సులన్నీ కానిచ్చి, ఆస్టిన్‌లో ఉన్న పెద్ద యూనివర్సిటీకి ఇంజనీరింగ్‌లో ట్రాన్స్‌ఫర్ అయిపోవడం. ప్లాన్ బాగానే ఉంది, మధ్యలో కోర్సుల పుస్తకం అనేది ఒకటి అడ్డొచ్చింది. మొదటి రోజు ఆఫీసులో దాన్ని నా చేతిలో పెట్టారు. కుండలు చెయ్యడం ఒక కోర్సు. ఈత ఒక కోర్సు. వెల్డింగ్, నక్షత్రాలు, వానపాములు, ఇప్పుడెవరూ మాట్లాడని భాషలు! ఆ పుస్తకం తిరగేస్తూ పార్కింగ్ లాట్‌లో ఎండలో అలా నోరు తెరుచుకుని నిలబడిపోయాను. ఇవన్నీ చదువులేనా? ఇవన్నీ నేను చదవొచ్చా? పెళ్ళి పంక్తిలో మొదటిసారి కూర్చున్న పిల్లలా, వచ్చినవన్నీ వడ్డించుకున్నాను. తినలేక ఒక్కొక్కటీ పక్కకి నెట్టాను. అప్పుడే ఆ బటన్‌తో స్నేహం కుదిరింది. నొక్కితే చాలు, ఆ క్లాసు మన జీవితంలోంచి వెళ్ళిపోయేది. ఎవరూ తిట్టరు. ఇంటికి ఫోను రాదు. నాన్న సంతకం అక్కర్లేదు. గ్రేడు పడాల్సిన చోట డబ్ల్యూ అనే అక్షరం పడుతుంది, మధ్యలో మానుకున్నారని దాని అర్థం. జీపీఏలో లెక్కకి రాదు. నాకు ఆ అక్షరం చూస్తే ముద్దొచ్చేది.

ఇక్కడ ట్రాన్స్‌ఫర్ అంకుల్ గురించి చెప్పాలి. మా అపార్ట్‌మెంట్లలోనే పై అంతస్తులో ఉండేవారు, వరంగల్ వైపు మనిషి. ఆయన కొడుకు ఇలాగే కమ్యూనిటీ కాలేజీ నుంచి ఆస్టిన్ వెళ్ళాడు కాబట్టి, ఆ ఒక్క అర్హతతో ఆయన ఇర్వింగ్‌లోని తెలుగు పిల్లలందరికీ ట్రాన్స్‌ఫర్ విషయంలో ఆఖరి మాట అయిపోయారు. ఇండియన్ గ్రోసరీ స్టోర్‌లో బెండకాయలు ఏరుకుంటూ కూడా సలహాలు చెప్పేవారు. నా మొదటి సెమిస్టర్‌లోనే, "సైన్స్ ఒకటి ఉండాలె కదమ్మా, గా రాళ్ళ క్లాస్ తీస్కో. జియాలజీ. కళ్ళు మూసుకున్నా 'ఏ' గ్రేడు వస్తది," అన్నారు. 'ఏ' అయితే వచ్చింది గానీ, నా కళ్ళు మూతపడలేదు. అసలు గొడవంతా అక్కడే మొదలైంది.

ఆ రాళ్ళ మేస్టారు తాటిచెట్టంత టెక్సాస్ మనిషి. తోలు బూట్లు, పెద్ద టోపీ, తొందర లేని మాట. మొదటి క్లాసులో అందరి చేతుల్లో తలో తెల్లరాయి ముక్క పెట్టి, దాని మీద ఒక చుక్క యాసిడ్ వెయ్యమన్నారు. వేస్తే రాయి బుసబుసా పొంగింది. "ఇదంతా ఒకప్పుడు ప్రాణం ఉన్నదే," అన్నారాయన, ఎవరో చుట్టాన్ని పరిచయం చేస్తున్నట్టుగా. నా ఒళ్ళు జల్లుమంది. ఇంటర్‌లో రెండేళ్ళు బండరాళ్ళలాంటి పుస్తకాలు బట్టీ పట్టాను గానీ, నిజం బండరాయి నాతో మాట్లాడుతుందని ఎవరూ చెప్పలేదే! ఇక ఆ ల్యాబ్ వదిలితే ఒట్టు. ట్రేలు సర్దడానికి ఉంటానని చెప్పి మధ్యాహ్నాలన్నీ అక్కడే ఉండిపోయాను, ఆ మధ్యాహ్నాల్లోనే ఉన్న కెమిస్ట్రీ క్విజ్‌లు తప్పిపోయాయి. బటన్ నొక్కాను. సీ ప్లస్ ప్లస్ పరీక్ష పెట్టిన శనివారమే మేస్టారు వాగుల దగ్గరికి తీసుకెళతానన్నారు. బటన్ నొక్కాను. ఎకనామిక్స్‌కీ రాళ్ళకీ ఏ సంబంధమూ లేదు, నిద్రొచ్చి నొక్కాను. ఇక కాల్క్యులస్ రెండో భాగమంటారా, దాన్ని రెండు వేర్వేరు సెమిస్టర్లలో రెండుసార్లు, శుద్ధ భయంతో వదిలేశాను.

రెండో ఏడు శీతాకాలంలో ట్రాన్స్‌ఫర్ అప్లికేషన్ పెట్టే సమయం వచ్చింది. నా గ్రేడ్ల కాగితాన్ని నాన్న ప్రింట్ తీసి, డైనింగ్ టేబుల్ మీద పరిచి, కళ్ళజోడు పెట్టుకున్నారు. మా నాన్న పెద్దగా అరిచే మనిషి కాదు. ఇస్త్రీ చొక్కా నలగకుండా కోపం తెచ్చుకోగలరు. ఆయనకి జీవితంలో ఒకటే సూత్రం, కంచంలో పెట్టింది వదలకూడదు. అటువంటి మనిషి ఆ కాగితం మీద వేలు పెట్టి వరసగా ఐదు డబ్ల్యూలు చూసుకుంటూ వచ్చారు. "ఐదు వదిలేశావా?" అన్నారు. "గ్రేడ్ల మీద ఎఫెక్ట్ ఉండదు నాన్నా..." అని నసిగాను. "యూనివర్సిటీ వాళ్ళకి కళ్ళు ఉంటాయిగా?" అన్నారు. ఆ తర్వాత ఆయన చెప్పింది రెండే వాక్యాలు. ఆస్టిన్‌లో సీటొస్తే సరే సరి. రాకపోతే వేసవిలో విజయవాడ టికెట్ బుక్ చేస్తారు, అక్కడ హాస్టల్లో ఉండి బీటెక్ చదవాలి. ఆ మాట వినగానే నా చెవుల్లో పెరుగన్నం గంట మోగింది. అమ్మ వంటింట్లోంచి తొంగిచూసి, పరిస్థితి గమనించి, మళ్ళీ పోపులోకి వెళ్ళిపోయింది.

అప్పుడే బందరు నుంచి నాయనమ్మ వచ్చి మా దగ్గర ఉంటోంది, ఆరు నెలల కోసం. టెక్సాస్ ఆవిడకి ఒక పట్టాన నచ్చలేదు. "ఏ దిక్కుకి చూసినా రోడ్లే గానీ చెంబుడు నీళ్ళు కనిపించవు, ఇదేం దేశమే," అనేది. ఆ ఆదివారం మా ఇంట్లో జరిగిన ఎమర్జెన్సీ మీటింగ్‌కి ఆవిడే అధ్యక్షురాలు. (అంటే సోఫా మధ్యలో కూర్చుంది.) ట్రాన్స్‌ఫర్ అంకుల్ వచ్చి, గ్రేడ్ల కాగితాన్ని డాక్టరు ఎక్స్‌రే చూసినట్టు వెలుతురుకి పట్టి చూశారు. "ఏం పరేషాన్ కాకు అన్నా," అని నాన్నకి ధైర్యం చెప్పారు. "అప్లికేషన్‌ల ఒక ఎస్సే ఉంటది. ఒక్కో డబ్ల్యూకి ఒక్కో రీజన్ రాయాలె. మొదటిదానికి టైఫాయిడ్. ఇంకోదానికి ఇల్లు మారినం. ఇంకోదానికి చిన్న యాక్సిడెంట్, మరీ పెద్దది వద్దు, పేపర్లు అడుగుతరు. కాల్క్యులస్‌కి మాత్రం గట్టిది కావాలె. రెండుసార్లు వదిలింది కదా..." అని ఆగి, ఒక్క క్షణం తటపటాయించి, సోఫా వైపు చూసి చేతులు కట్టుకున్నారు. "మామ్మగారు ఏమీ అనుకోకపోతే..."

మనందరం చిన్నప్పటినుంచీ సెలవు చీటీలు రాసి పెరిగినవాళ్ళమే కదా. నాకు జ్వరం వచ్చినందువలన, మా తాతగారు కాలం చేసినందువలన. బడి ఎగ్గొట్టిన ప్రతిసారీ ఇంట్లో ఎవరో ఒకరు మంచం పట్టాలి, లేదా పోవాలి. సముద్రాలు దాటి వచ్చినా మా బుర్రల్లోంచి ఆ చీటీ పోలేదు. అంకుల్ కొడుకు ఎస్సేలో వాళ్ళ తాతగారు ఒకరు పోయారట, సీటొచ్చిందట, ఆ తాతగారే కాన్వొకేషన్‌కి వచ్చి ఫోటో దిగారట. నాన్న ఇబ్బందిగా కదిలారు గానీ, కాదనలేదు. అమ్మ "అయ్యో రామా" అంది. నాయనమ్మ మాత్రం వక్కపొడి నములుతూ తాపీగా అడిగింది.

"సీటొస్తుందంటే చంపండి నాయనా, నాదేం పోయింది. కానీ నేనొక్కదాన్నీ ఎన్ని డబ్ల్యూలకని సరిపోతాను? రెండోసారి కాల్క్యులస్ వదిలినప్పుడు మళ్ళీ బతికి మళ్ళీ పోయానని రాస్తారా?"

అంకుల్ గ్రేడ్ల కాగితాన్ని మెల్లగా మడిచి టేబుల్ మీద పెట్టేశారు. ఆయన ఒక సలహాని మధ్యలో వదిలెయ్యడం ఇర్వింగ్ తెలుగువాళ్ళు చూడటం అదే మొదటిసారి అనుకుంటాను. నాయనమ్మ నా వైపు తిరిగింది. "వీళ్ళ జ్వరాలూ చావులూ అటుంచు. అసలు నువ్వెందుకు వదిలావే పిల్లా?" అంది. ఆశ్చర్యం ఏమిటంటే, అప్పటిదాకా ఆ ప్రశ్న ఎవరూ అడగలేదు. నన్ను నేను కూడా అడగలేదు. చెప్పడం మొదలుపెట్టాను. కెమిస్ట్రీ దగ్గర మొదలై రాళ్ళ మీదకి వెళ్ళి, అక్కణ్ణించి మేస్టారి మీదకి, యాసిడ్ చుక్క మీదకి, వాగు గట్ల మీదకి వెళ్ళిపోయాను. నాన్న మొహం చూసి మధ్యలో ఆగాను. "రాళ్ళా?" అన్నారాయన, అంతే. నాయనమ్మ వక్కపొడి డబ్బా మూసి, "ఆ రాళ్ళేవో నేను చూడాలి," అంది.

మేస్టారి శనివారం ట్రిప్పులకి ఇంట్లోవాళ్ళని తీసుకురావచ్చు. ఫిబ్రవరిలో ఒక శనివారం నాయనమ్మని నా పాత కారులో కూర్చోబెట్టి దక్షిణంగా డ్రైవ్ చేశాను. జరీ అంచు చీర మీద స్వెట్టరు, చెవుల మీదకి మంకీ క్యాప్, కాళ్ళకి అమ్మ కొనిచ్చిన తెల్లటి స్పోర్ట్స్ షూస్. హైవే మీద ట్రక్కు పక్కన వెళ్ళినప్పుడల్లా "నెమ్మది నెమ్మది" అంటూ డాష్‌బోర్డ్‌ని పట్టుకుంది, అదేదో ఎద్దులబండి కమ్మీ అయినట్టు. వాగు దగ్గర మేస్టారు టోపీ తీసి పలకరించారు. ఆవిడ చేతులు జోడించి, "ఈయన కాళ్ళకి అవేమిటే, యుద్ధానికి వెళ్ళేవాడిలా?" అని నన్నడిగింది. (మీరొచ్చినందుకు సంతోషం అంటోందని అనువాదం చేశాను.)

అక్కడ వాగు కోసుకుపోయిన చోట గట్టు నిలువుగా, తెల్లగా, సున్నం వేసిన గోడలా ఉంటుంది. క్లాసు పిల్లలు సుత్తులు పట్టుకుని అటూ ఇటూ తిరుగుతుంటే నాయనమ్మ ఆ గట్టు దగ్గరికి వెళ్ళి, కళ్ళజోడు సర్దుకుని, మొహం ఆనించి చూసింది. చూపుడు వేలితో ఒకచోట గీకింది.

"ఇదేమిటే, ఇది ఆలిచిప్ప కదే! ఇదిగో ఇక్కడొకటి. ఇన్నేసి చిప్పలు తిని ఇక్కడ పారేసిందెవరు?"

నేను అనువాదం చేస్తే మేస్టారు నవ్వలేదు. ఎవరూ పారెయ్యలేదని, అవి అక్కడే పుట్టి అక్కడే పోయాయని, మనం నిలబడ్డది సముద్రం అడుగున అనీ చెప్పారు. ఎప్పటి మాట అని ఆవిడ అడిగింది. ఎనిమిది కోట్ల ఏళ్ళకి పైమాటే అన్నారు. ఎవరు చూశారట అంది. ఈ చిప్పలు చూశాయన్నారు. నాయనమ్మ ఆ జవాబుని కాసేపు నమిలి, ఒప్పుకుంది. "నీళ్ళు ఎంత ఎత్తున ఉండేవో అడుగు," అంది. మేస్టారు దూరంగా హైవే పక్కనున్న కరెంటు టవర్ చూపించి, దాని కంటే చాలా పైకి చెయ్యి ఎత్తారు. నాయనమ్మ తల వెనక్కి వంచి అటే చూస్తూ ఉండిపోయింది. మంకీ క్యాప్ జారి భుజం మీద పడింది, తీసుకోలేదు. ఆ ఖాళీ నీలపు ఆకాశంలో ఆవిడకి నీళ్ళు కనిపిస్తున్నాయని నాకు స్పష్టంగా తెలిసింది, ఎందుకంటే ఆ క్షణంలో నాకూ కనిపించాయి.

చాలాసేపటికి తల దించి, మెల్లగా అంది. "ఉప్పెన వచ్చినప్పుడు సముద్రం మన వాకిట్లోకి రావడం చూశాను నేను. అది వెనక్కి వెళ్ళిపోతే ఎలా ఉంటుందో ఇదిగో, ఇవాళ చూస్తున్నాను."

ఆ మాటని ఎలాగో కూడబలుక్కుని ఇంగ్లీషులో చెప్పాను. మేస్టారు టోపీ గుండె దగ్గర పెట్టుకుని, ఇరవై ఏళ్ళుగా పిల్లల్ని ఇక్కడికి తెస్తున్నాను, ఆ మాట ఎవరూ అనలేదు అన్నారు. తిరిగొస్తుంటే నాయనమ్మ ట్రక్కుల్ని కూడా పట్టించుకోలేదు. "ఇందుకా ఆ చదువులన్నీ వదిలావు?" అంది. "అన్నీ ఇందుకు కాదు నాయనమ్మా. ఎకనామిక్స్ నిద్రొచ్చి వదిలాను. కాల్క్యులస్ భయమేసి." "ఆ ముక్క కూడా రాసెయ్. నన్ను చంపడం కంటే నీకు నిద్రొచ్చిందనడమే నయం," అంది.

అలాగే రాసి, సోమవారం కాలేజీ కౌన్సెలర్‌కి చూపించాను. ఆవిడ పొట్టిగా, ఎప్పుడూ నవ్వుతూ ఉండే నల్లజాతి పెద్దావిడ. మొత్తం చదివి, కళ్ళజోడు తీసి తుడుచుకుని, "నా టేబుల్ మీదకి వచ్చే ఎస్సేల్లో పాపం ఎంతమంది నాయనమ్మలు పోతుంటారో! ఒకావిడ బతికుండి, పైగా షూస్ వేసుకుని వాగు దగ్గరికి వెళ్ళడం ఇదే చూడటం," అంది. తర్వాత నవ్వు ఆపి అసలు సంగతి చెప్పింది. ఒకటి రెండు డబ్ల్యూలు ఎవరికైనా ఉంటాయి, వాటిని ఎవరూ పట్టించుకోరు. ఐదంటే ఎందుకని అడుగుతారు. అందులో ఒకే కోర్సు రెండుసార్లంటే, అదీ మనం చేరబోయే చదువుకి తప్పనిసరి అయిందంటే, తప్పకుండా అనుమానిస్తారు. వాళ్ళు అడిగేలోపు మనమే నిజం చెప్పడం మంచిది. అయితే చెప్పిన మాట కంటే చేసిన పనిని ఎక్కువ చూస్తారు. "ఈ సెమిస్టర్‌లో మళ్ళీ కాల్క్యులస్ తీసుకున్నావు కదా, దాన్ని పూర్తి చెయ్యి. ఏ గ్రేడుతో పాసైనా సరే, ఇంకొక్క డబ్ల్యూ మాత్రం రానివ్వకు," అంది. నేను తెల్లబోయి, రాళ్ళ చదువుకి కూడా కాల్క్యులస్ కావాలా అని అడిగాను. కావాలట. ఎక్కడికి పారిపోయినా అది గుమ్మంలో నిలబడే ఉందన్నమాట.

ఇంజనీరింగ్ బదులు జియాలజీకి అప్లై చేస్తానని ఇంట్లో చెప్పిన సాయంత్రం, నాన్న కాఫీ కప్పు కింద పెట్టేశారు. నేను చెప్పాల్సినవన్నీ వెతుక్కుంటూ ఉండగా, అప్పడాల పాకెట్ ఇవ్వడానికి వచ్చిన ట్రాన్స్‌ఫర్ అంకుల్ గుమ్మంలోంచే అందుకున్నారు. "అరె, ఆయిల్ అన్నా! హూస్టన్‌ల గా ఆయిల్ కంపెనీలన్నీ ఎవరి మీద నడుస్తున్నయనుకున్నవ్? గీ రాళ్ళోళ్ళ మీదనే! సాఫ్ట్‌వేరోళ్ళకన్నా మంచిగుంటది. అందుకే కదా నేను మొదటిరోజే రాళ్ళ క్లాస్ తీస్కొమ్మన్నది!" ఆ మనిషి గొప్పతనం చూసి నిజంగా విస్తుపోయాను. మావైపు అయితే ఇలాంటివాళ్ళని ఎమ్మెల్యేల్ని చేస్తారు. నాన్న కాఫీ కప్పు మళ్ళీ చేతిలోకి తీసుకుని, "సరే," అన్నారు. "ఇంకొక్కటి వదిలావో, టికెట్టే."

ఏప్రిల్ వచ్చింది. కాల్క్యులస్ మధ్యంతర పరీక్షలో నాకు నూటికి అరవై ఒకటి. డ్రాప్ చెయ్యడానికి ఆఖరి రోజు మధ్యాహ్నం లాప్‌టాప్ తెరిచి కూర్చున్నాను. బటన్ ఎప్పటిలాగే అక్కడ ఉంది, పాత స్నేహితురాలిలా. అంకుల్ ఫోన్‌లో, "సీ వస్తే జీపీఏ ఖరాబైతది, ఐదు డబ్ల్యూలున్నోళ్ళకి ఆరైతే ఏమైతది," అన్నారు. నిజమే అనిపించింది. ఫెయిలైతే అసలుకే మోసం. కౌన్సెలర్ మాటా నిజమే అనిపించింది. మౌస్ బాణాన్ని బటన్ మీదకి తీసుకెళ్ళి, మళ్ళీ వెనక్కి లాగాను. నాయనమ్మ పక్కన కూర్చుని చిక్కుడుకాయలు ఈనెలు తీస్తూ, నా మొహం వైపు చూసింది.

"మళ్ళీ వదిలేస్తావా?"

"భయమేస్తోంది నాయనమ్మా."

"వదిలితే వదులు. కానీ ఆ రాళ్ళ దగ్గరికి వెళ్ళాలంటే దీన్ని దాటే వెళ్ళాలన్నావుగా? మూడోసారి కంటే నాలుగోసారి దాని మొహం అందంగా ఉంటుందా ఏమిటి?"

నవ్వొచ్చింది, ఏడుపూ వచ్చింది. లాప్‌టాప్ మూసేశాను. ఆ నిమిషంలో ధైర్యం లాంటిదేమీ కలగలేదు. మర్నాటి నుంచి కాలేజీలో ఉచితంగా లెక్కలు చెప్పే గదిలో మకాం పెట్టాను. అక్కడి కుర్రాళ్ళు నన్ను చూసి కుర్చీ లాగి ఉంచేవాళ్ళు. చివరికి సీ వచ్చింది. నా చదువు మొత్తంలో అంత కష్టపడి సంపాదించిన అక్షరం మరొకటి లేదు. ఆ కాగితాన్ని నాన్న మళ్ళీ టేబుల్ మీద పరిచి, ఆ సీ మీద వేలు పెట్టి, "పూర్తిచేశావు," అన్నారు. సీ కి మా ఇంట్లో మెచ్చుకోలు దొరకడం చరిత్రలో లేదు. అమ్మ ఆ రోజు సేమ్యా పాయసం చేసింది.

నాయనమ్మ జూన్ మొదట్లో వెళ్ళిపోయింది. ఆ తర్వాత వారానికి ఆస్టిన్ నుంచి ఈమెయిల్ వచ్చింది. తెరిచే ధైర్యం లేక లాప్‌టాప్ అమ్మకి ఇచ్చాను, అమ్మ కళ్ళజోడు వెతుక్కోవడానికే ఐదు నిమిషాలు పట్టింది, ఆ ఐదు నిమిషాల్లో విజయవాడ హాస్టల్ మెట్లన్నీ ఎక్కి దిగాను. "కంగ్రాచ్యులేషన్స్ అని ఉందే," అంది అమ్మ. ఇద్దరం వంటింట్లో గెంతాం. కింది ఫ్లాటావిడ వచ్చి తలుపు కొట్టింది. నాన్న ఆఫీసులో ఉంటే ఫోన్ చేసి చెప్పాను. ఆయన "ఊఁ" అన్నారు, మీటింగ్ ఉంది అని పెట్టేశారు. (ఆ సమయంలో మీటింగేమీ లేదని తర్వాత ఆయన కొలీగ్ చెప్పారు.)

ఆగస్టులో నన్ను దింపడానికి నాన్న స్వయంగా డ్రైవ్ చేశారు. ఇర్వింగ్ నుంచి ఆస్టిన్‌కి మూడు గంటలు పైన. దారి పొడుగునా నేను వాగుతూనే ఉన్నాను. నాన్నా, మనం వాగు దగ్గర చూసిన ఆ తెల్ల సుద్దరాయి ఉంది చూశావా, నువ్వు చూడలేదనుకో, అది అక్కడితో ఆగలేదు, ఈ హైవే వెంబడే ఆస్టిన్ దాకా ఉంటుంది, మనం పొద్దుటి నుంచీ ఒకే సముద్రం అంచు మీద డ్రైవ్ చేస్తున్నాం తెలుసా... ఆయన రోడ్డు మీంచి చూపు తిప్పకుండా "ఊఁ," "ఆహా," అంటున్నారు. వేకో అనే ఊరు దాటాక పెట్రోలు కోసం ఆగాం. ఆ గ్యాస్ స్టేషన్ వెనక, పార్కింగ్ కోసం గట్టు కోసిన చోట, ఆ రాయే తెల్లగా కనిపించింది. నేను చిప్స్ పాకెట్ కొనుక్కుని బయటికి వచ్చేసరికి కారు దగ్గర నాన్న లేరు. ఇస్త్రీ చొక్కా, నల్లబూట్లతో ఆ గట్టు ముందు నిలబడి ఉన్నారు. పక్కకి వెళ్ళాను. ఆయన అరచెయ్యి మొత్తం రాతి మీద ఆనించి ఉంది.

"చిన్నీ, ఇదేనా?"

"ఇదే నాన్నా."

"ఆస్టిన్ దాకా?"

"ఆస్టిన్ దాకా."

ఆయన తల ఎత్తి పైకి చూశారు, ఆ తర్వాత మేమొచ్చిన వైపు, ఉత్తరంగా, చాలా దూరం చూశారు. కారెక్కాక చేతికి అంటిన సుద్ద తుడుచుకోకుండానే స్టీరింగ్ పట్టుకున్నారు. పొద్దుటి నుంచీ నోరు మూయని అప్పటి ఆ పిల్ల, అంటే నేను, సరిగ్గా అడగాల్సిన మనిషి అడిగిన క్షణాన రెండేసి మాటలకి మించి చెప్పలేకపోయాను. ఇప్పుడు నేను క్లాసులో అదే సుద్దరాయి గురించి, పెద్ద తెర మీద బొమ్మలు వేసి, గంట సేపు తడుముకోకుండా చెబుతాను. అందరూ శ్రద్ధగా నోట్సు రాసుకుంటారు. లేచి వెళ్ళి ఆ రాతి మీద చెయ్యి వేసేవాళ్ళు మాత్రం ఇంతవరకు ఎవరూ కనిపించలేదు.